వాంగ్ డాంగ్‌లింగ్: చదవలేని రాత వెనక అరవై ఏళ్ల సాధన

చైనాలో కొన్నేళ్లుగా ఒక గొడవ నలుగుతోంది. కుంచెతో రాసే కళను అక్కడ 'షూఫా' అంటారు. ఆ పేరుతో కొందరు పేరున్నవాళ్లు రాస్తున్నది అసలు రాతేనా అని జనం సోషల్ మీడియాలో నిలదీస్తున్నారు. 'చౌషూ', అంటే వికారపు రాత అని పేరు కూడా పెట్టేశారు. ఈ వాదనలో వినిపించే పేర్లలో షూఫా కళాకారుడు వాంగ్ డాంగ్‌లింగ్‌ది ఒకటి. ఆయన రాసింది చైనా వాళ్లే చదవలేరు. మన దగ్గరైతే కోడి కెలికినట్టుంది అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. అలా కొట్టిపారేయడం అన్యాయమని నా నమ్మకం.

ఆయన 1945లో జియాంగ్‌సు రాష్ట్రంలోని రుడాంగ్‌లో పుట్టారు. నాన్‌జింగ్‌లో టీచర్ల కాలేజీలో చిత్రకళ చదివారు. 1966లో పాతదాన్నంతా తుడిచేయాలన్న మావో పిలుపుతో సాంస్కృతిక విప్లవం మొదలైంది. పాత పుస్తకాలు తగలబడ్డాయి, పాత గురువులు అవమానాల పాలయ్యారు. విచిత్రం ఏమిటంటే, కుంచెకు మాత్రం పని ఆగలేదు. ఊరూరా గోడల మీద 'దాజిబావ్' అనే పెద్దక్షరాల పోస్టర్లు వెలిశాయి. దూరం నుంచి కనబడేలా, చేయంతా ఊపి రాయడం ఒక తరానికి అలా అలవాటైంది.

ఆ రోజుల్లోనే ఆయనకు లిన్ సాన్‌జి అనే గురువు దొరికారు. ఈ పెద్దాయన గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆయనకు చెవులు వినబడవు. శిష్యులు అడగాల్సింది కాగితం మీద రాసి చూపిస్తే, ఆయనా రాసే జవాబిచ్చేవారు. 1970లో స్నానశాలలో మరిగే నీళ్లలో పడి కుడిచేయి కాలిపోయింది. పనికొచ్చేవి మూడు వేళ్లే మిగిలాయి. ఆ మూడు వేళ్లతోనే కుంచె పట్టి గొలుసుకట్టు రాత రాశారు. దేశం ఆయన్ను గుర్తించేసరికి డెబ్బై దాటాయి. పాఠం కూడా కాగితం మీది గీతలోనే నడిచే అలాంటి గురువు దగ్గర నేర్చుకున్నవాడు గీతను తేలిగ్గా తీసుకోగలడా?

రెండో మలుపు హాంగ్‌జౌ నగరంలో. అక్కడి లలితకళల అకాడమీలో చిత్రకారుడు పాన్ టియాన్‌షౌ 1963లో షూఫాకు ప్రత్యేకంగా ఒక కోర్సు పెట్టించారు. విప్లవంలో ఆ కోర్సూ ఆగింది, ఆయనా వేధింపులకు గురై 1971లో చనిపోయారు. మళ్లీ 1979లో పీజీ కోర్సు తెరిస్తే మొదటి బ్యాచ్‌లో ఐదుగురికే సీటు వచ్చింది. వారిలో వాంగ్ ఒకరు. గురువుల్లో ఒకరైన లు వెయ్‌జావ్ కొద్ది నెలలకే, 1980 జనవరిలో కన్నుమూశారు. షా మెంగ్‌హాయ్ వంటి పెద్దలు చదువు ఆగకుండా నడిపించారు. 1981లో పట్టా అందుకున్న వాంగ్ అక్కడే పాఠాలు చెప్పడానికి కుదురుకున్నారు.

ఈలోగా బయట లోకం మారిపోయింది. 1956 నుంచి ప్రభుత్వం లిపిని సులభం చేసింది. ఉత్తరాలకు పెన్ను, ఆ తర్వాత కంప్యూటర్ వచ్చాయి. ఒకప్పుడు ఉద్యోగ పరీక్షకు, లెక్కల పద్దుకు, స్నేహితుడికి రాసే చీటీకి కూడా కుంచే గతి. ఇప్పుడు దానికి రోజువారీ పని లేదు. బల్ల మీద నుంచి లేచి ఎగ్జిబిషన్ హాలు గోడ ఎక్కింది. గోడ పెద్దదైతే అక్షరమూ పెద్దదవుతుంది. నేలంతా కాగితం పరిచి, దాని మీద నడుస్తూ, మనిషంత కుంచెతో వాంగ్ రాయడానికి ఇదొక కారణమని నేననుకుంటాను.

1989 తర్వాత కొన్నేళ్లు అమెరికా యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పి వచ్చారు.

ఇక అసలు గొడవకు మూలమైన 'లువాన్‌షూ'. చిక్కుముడి రాత అనుకోండి. చైనా సంప్రదాయ రాత పైనుంచి కిందికి నిలువు వరసల్లో, కుడి నుంచి ఎడమకు సాగుతుంది. వరసకూ వరసకూ మధ్య ఖాళీ ఉంటుంది. గొలుసుకట్టులో అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసిపోయినా ఈ ఖాళీ మాత్రం చెదరదు. వాంగ్ దాన్నే చెరిపేశారు. ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కుతుంది, గీతలు పెనవేసుకుంటాయి. అయితే ఆయన ఊరికే గీతలు గీయరు. ఏదో ఒక పాత పద్యాన్నో సూత్రాన్నో అక్షరం పొల్లుపోకుండా రాస్తారు. 260 అక్షరాల ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం అనే బౌద్ధ సూత్రం ఆయన ఎన్నోసార్లు రాసినది. దాన్ని చైనా భాషలోకి తెచ్చాడని చెప్పే హ్యుయాన్‌త్సాంగ్, 7వ శతాబ్దంలో మన ధాన్యకటకానికి వచ్చిన యాత్రికుడే.

విమర్శించే వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. దస్తూరి చూసి మనిషిని చెప్పొచ్చని వాళ్ల నమ్మకం. చదవలేని రాత వాళ్లకు మాట తప్పినట్టే ఉంటుంది. పైగా సిరంజితో ఇంకు చిమ్మి అదీ షూఫాయే అనేవాళ్లు వచ్చాక అనుమానం ఇంకా పెరిగింది. కానీ అందరినీ ఒకే గాటన కట్టకూడదు. మన కరణాల గొలుసుకట్టు కూడా అందరికీ అర్థమయ్యేది కాదు, అలాగని అది రాత కాకుండా పోయిందా?

వాంగ్ రాసిన కాగితం ఎదురైతే కుడివైపు పైమూల చూడండి. రాత మొదలయ్యేది అక్కడే. ఒక్క గీతను పట్టుకుని కిందికి రండి. ఇంకు చిక్కగా మొదలై, కుంచె ఎండేకొద్దీ పలచబడి, మళ్లీ ముంచిన చోట నల్లగా లేస్తుంది. అక్షరం తెలియకపోయినా, ఆయన చేయి ఎటు కదిలిందో, ఎక్కడ ఆగిందో కనబడుతుంది.