జేబులో పట్టే రేడియో

చిట్టీ, బుజ్జీ,

కవిటి నుంచి తాత ఆశీస్సులు. "హామ్ రేడియో చేతి సెట్టు అయిదు వాట్లది కొనాలా, ఎనిమిది వాట్లదా?" అని మొన్న అడిగారు కదా. హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, రేడియో అలల మీద అవతలివాళ్లతో సరదాగా మాట్లాడుకోవడం. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను.

మా నాన్నకు రెండు గొడుగులుండేవి. ఇద్దరు దూరినా తడవని పెద్దదొకటి, సంచిలో పట్టే పొట్టిదొకటి. పెద్దది ఎప్పుడూ తలుపు వెనక మేకుకే వేలాడేది. వానలో ఆయనకు అక్కరకొచ్చింది పొట్టిదే. చేతి సెట్టూ అంతే, బరువనిపిస్తే వారానికల్లా బీరువాలో చేరుతుంది. జేబులో పట్టాలి, చీకట్లో తడిమినా మీటలు తెలియాలి, బ్యాటరీ రాత్రి దాకా ఆగాలి. గొడుక్కి గుడ్డ ఎంతో దీనికి యాంటెన్నా అంత. సెట్టుతో వచ్చే రబ్బరు తోక మరీ పొట్టిది. మనం వాడే అల పొడవు సుమారు రెండు మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే అరమీటరు యాంటెన్నా తగిలిస్తే తేడా మీకే తెలుస్తుంది. వాట్ల గొడవ వదిలేయండి. ఈ అలలు దాదాపు చూపులాగే నేరుగా పోతాయి. కొబ్బరితోటలో ఎనిమిది వాట్ల కంటే మేడ మీద అయిదు వాట్లు నయం.

గొడుగు పోలిక ఇక్కడ చిరుగుతోంది. గొడుగు మనం ఒక్కళ్లమే ఉన్నా పనికొస్తుంది, దీనికి అవతల వినేవాడుండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మన ఉద్దానంలో చెట్లు, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. ఫోన్లు మూగబోయి, అవతల వినేవాడే లేక, బతికే ఉన్నామని మీ నాన్నకు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నా చిన్నప్పుడు పాటలు వినే రేడియోకీ లైసెన్సే, ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టేవాళ్లం. సెల్లులు నీరసిస్తే అరుగు మీద అప్పడాల్లాగా ఎండబెట్టేవాళ్లం. సాయంత్రం వేస్తే వార్తల దాకా వచ్చి గొంతు సన్నబడిపోయేది. ఓ రాత్రి అర్థంకాని భాషేదో దొరికింది. చెవి ఆనించి నిద్రపోయాను. పొద్దున్నే సెల్లులు అరగదీశానని నాన్న మొట్టికాయ వేశారు.

ఆ లైసెన్సు ఎప్పుడో పోయింది గానీ, మాట్లాడే సెట్టుకు ఇప్పటికీ కావాలి. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. బుజ్జీ, నువ్వు ఇంకో రెండేళ్లు ఆగాలి, అలగకు. ఆన్‌లైన్లో దొరుకుతోంది కదా అని ముందే కొనేయకండి. కాగితం చేతికొచ్చాకే సెట్టు. వచ్చాక కూడా నోటికంటే చెవికే ఎక్కువ పని చెప్పండి.

సంక్రాంతికి రండి. సోంపేటలో నా స్నేహితుడికి లైసెన్సుంది, సెట్టు తెస్తానన్నాడు. 145.800 మెగాహెర్ట్జ్ దగ్గర పెడితే ముందు తాటాకు కప్పు మీద చినుకుల్లాంటి చప్పుడొస్తుంది. భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా పోతున్నప్పుడు, అందులోవాళ్లు మాట్లాడుతూ ఉంటే, ఆ చినుకుల్లోంచి మనిషి గొంతు వస్తుంది. పలాస పలకని సెట్టుకి 400 కిలోమీటర్ల పైనున్న మనిషి వినిపిస్తాడు, మధ్యలో ఒక్క కొబ్బరిచెట్టూ లేదు కదా! ఇంతకంటే విడమరిచి చెప్పడం నావల్ల కాదు. పొద్దుగూకాక పడమటి వైపు చూస్తూ ఉండండి, మిణుకుమనకుండా నడిచొచ్చే చుక్క అదే. మేడ మీద చాప వేసి ఉంచుతాను.

మీ తాత