కార్పొరేట్ రిసెప్షన్‌లో స్థానిక సంస్కృతి: అపోహలు - వాస్తవాలు

కంపెనీ రిసెప్షన్ (అతిథులకిచ్చే విందు) ఏర్పాట్లు ఒప్పుకోగానే నాకు వినపడే మొదటి మాట, "కాస్త లోకల్ టచ్ ఉండాలండీ" అని. ఆ టచ్ అంటే ఏమిటని అడిగితే చాలామంది చూపించేది స్టేజీ వెనక బ్యాక్‌డ్రాపే.

అపోహ: అదంతా డెకరేషన్ వాళ్లు చూసుకుంటారు.

వాస్తవం: డెకరేటర్‌కి ఫోన్ చేసేముందు ఆ ప్రాంతం మనిషి ఒకరితో గంటసేపు కూర్చోండి. పువ్వుల సంగతే చూడండి. ఫ్రాన్స్‌లో చామంతులు సమాధుల మీద పెట్టే పువ్వులు. నవంబరు 1 వచ్చిందంటే శ్మశానాల్లో అవే కనిపిస్తాయి. మనకు కళకళలాడే చామంతి తోరణం అక్కడి అతిథికి ఏం గుర్తుచేస్తుందో డిజైన్ షీట్‌లో ఉండదు. చైనా వాళ్లకు గోడ గడియారం బహుమతిగా ఇవ్వరు. వాళ్ల భాషలో 'గడియారం ఇవ్వడం' అన్నా, కడసారి సాగనంపడం అన్నా వినడానికి ఒకేలా ఉంటాయి మరి.

అపోహ: డబ్బిస్తే ఏ కళనైనా ఎవరిచేతైనా చేయించవచ్చు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆస్ట్రేలియాలో 'వెల్‌కమ్ టు కంట్రీ' అనే స్వాగతం పలికే హక్కు ఆ నేలకు చెందిన ఆదివాసీలదే. కంపెనీ సీఈఓ చేయగలిగింది 'అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ', అంటే ఆ నేల ఎవరిదో తలుచుకుని గౌరవం తెలపడం. రెండూ ఒకటే అనుకుని యాంకర్ స్క్రిప్టులో కలిపేస్తే తెలిసినవాళ్లు అక్కడికక్కడే పట్టేస్తారు. న్యూజిలాండ్‌లో 'క మటే' అనే హాకా (మావోరీ ఆదివాసీల సామూహిక నృత్యం) కోసం 2014లో ఏకంగా చట్టమే వచ్చింది. దాన్ని వీడియో తీసి వ్యాపారానికి వాడుకుంటే, కూర్చినది తే రౌపరాహా అనీ, ఆయన న్గాతి తోవా రంగతిర తెగ నాయకుడనీ చెప్పి తీరాలి. వేదిక మీద ప్రదర్శనకు ఆ షరతు లేదు. కానీ మర్నాడు కంపెనీ పేజీలో రీల్ పెట్టేది మనమే కదా!

అపోహ: జనం తింటూ ఉంటే పక్కన కళాకారులు వాయిస్తుంటే బాగుంటుంది.

వాస్తవం: ఆ తప్పు నేనూ చేశాను. రన్ షీట్‌లో, అంటే ఏ నిమిషానికి ఏం జరగాలో రాసుకునే కాగితంలో, 7.40కి డోలు బృందం, 7.45కి డిన్నర్ కౌంటర్లు అని రాసుకున్నాను. అయిదు నిమిషాలకే హాలంతా ప్లేట్ల లైన్లో చేరింది, స్టేజీకి వీపులే మిగిలాయి. బృందం పెద్దాయన మాత్రం ఆపలేదు. ఆఖరిదాకా వాయించి, డోలుకి గుడ్డ కప్పి, నా వంక చూడకుండా వెళ్లిపోయారు. ఇప్పుడు నేను ఇచ్చేది ఎనిమిది నిమిషాలే. అంతసేపూ కౌంటర్లు మూసి ఉంటాయి. ముందు ఒక్క నిమిషం ఆ వాద్యం కథ బృందంలో వాళ్లచేతే చెప్పిస్తాను. గది, మంచినీళ్లు, భోజనం ముఖ్య అతిథికి ఎలాగో వాళ్లకీ అలాగే.

అపోహ: ఎన్ని ఐటమ్స్ పెడితే అంత నిండుగా ఉంటుంది.

వాస్తవం: ఒక్కటి చాలు. మూడోది మొదలయ్యేసరికి అందరూ ఫోన్లలో ఉంటారు.

అపోహ: గుమ్మంలో అందరికీ ఒకే రకం స్వాగతం చెప్పాలి.

వాస్తవం: హవాయిలో పూలదండ 'లెయ్' వేసి ఆహ్వానిస్తారు. గర్భిణులకు మాత్రం కొసలు ముడివేయని దండ వేయడం అక్కడి ఆనవాయితీ. పూలు పడనివాళ్లూ, మెడలో వేయించుకోవడం ఇష్టంలేనివాళ్లూ ఎప్పుడూ ఉంటారు. అందుకే ట్రే పట్టుకున్న అమ్మాయికి నేను రెండే చెబుతాను: ముడివేయనివి నాలుగు విడిగా పెట్టుకో, వేసేముందు "వేయమంటారా?" అని అడుగు.