ఊపిరి పీల్చుకునే రోజు

ప్రియమైన మనవలకు, మనవరాళ్లకు,

"దేవుడికి కూడా అలసట వస్తుందా తాతయ్యా? మరి ఏడో రోజు ఎందుకు విశ్రాంతి తీసుకున్నాడు?" అని మొన్న ఫోన్లో చిన్నది అడిగింది. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని సృష్టించి ఏడో రోజు విశ్రమించాడని బైబిల్లో ఉంది కదా, దాని గురించి. ఏదో నోటికొచ్చింది చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఇలా కూర్చుని రాస్తున్నాను.

మన బైబిల్లో 'విశ్రాంతిదినము' అని ఉన్నచోట హీబ్రూలో ఉన్న మాట షబ్బాత్. అది 'షావత్' అన్న క్రియకు చుట్టం. షావత్ అంటే చేస్తున్న పని ఆపడం, మానడం. అందులో అలసట ఊసే లేదు.

ఇదే ధాతువు ఇశ్రాయేలీయులను దాసులుగా పెట్టుకున్న ఐగుప్తు (ఈజిప్టు) రాజు ఫరో నోట కూడా వస్తుంది. నిర్గమకాండము 5వ అధ్యాయం తీయండి. "వీళ్ల చేత పని మాన్పిస్తారా?" అని ఇశ్రాయేలీయుల నాయకులు మోషే, అహరోనుల మీద మండిపడతాడు. ఆ రోజు నుంచి ఇటుకలకు గడ్డి ఇవ్వడు, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటీ తగ్గించడు. పైగా సోమరులంటాడు. సెలవు అన్న మాటే ఎరగని ఆ జనానికి, ఐగుప్తు దాటాక అరణ్యంలో దేవుడు రోజూ ఇచ్చిన ఆహారం మన్నా, ఆరో రోజున రెండింతలు దొరికింది. ఏడో రోజు ఏరుకోవడానికి వెళ్లినవాళ్లకు ఏమీ దొరకలేదు. సీనాయి కొండ మీద విశ్రాంతిదినపు ఆజ్ఞ రాకముందే వాళ్లకు ఆగడం అలవాటు చేశాడు దేవుడు.

పది ఆజ్ఞలు రెండుచోట్ల ఉన్నాయి. నిర్గమకాండము 20లో ఈ ఆజ్ఞకు కారణం సృష్టి. ద్వితీయోపదేశకాండము 5లో కారణం వేరు: నువ్వూ ఒకప్పుడు ఐగుప్తులో దాసుడివే, కాబట్టి నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి. నా మనసుకు ఈ రెండోది మరీ దగ్గర.

దున్నే కాలంలోనూ కోత కాలంలోనూ కూడా ఆగాలని మరోచోట ఉంది (నిర్గమ 34:21). సేద్యం చేసినవాణ్ణి కాబట్టి ఆ మాట బరువు నాకు తెలుసు. చేను కోతకొచ్చి, పైన మబ్బు కమ్ముతుంటే కొడవలి పక్కన పెట్టడం చిన్న విషయం కాదర్రా.

ఇక చిన్నదాని ప్రశ్నకు వస్తాను. 'నెఫెష్' అంటే ప్రాణం. దానికి చెందిన ఒక క్రియ ఉంది. ఊపిరి పీల్చుకుని తెప్పరిల్లడం అని దాని అర్థం. హీబ్రూ లేఖనాలన్నిటిలో అది మూడేసార్లు కనిపిస్తుంది. తిరగబడిన కొడుకు అబ్షాలోముకు భయపడి పారిపోతూ అలసిపోయిన దావీదు రాజు ఒకచోట ఆగి తెప్పరిల్లాడట (2 సమూయేలు 16:14). నిర్గమ 23:12లో ఎద్దూ గాడిదా విశ్రమించాలి, దాసి కొడుకూ పరదేశీ తెప్పరిల్లాలి అని ఉంది. మూడోది నిర్గమ 31:17. అక్కడ ఆ క్రియకు కర్త దేవుడే.

దేవుడు అలసిపోయాడని ఆ వచనం చెప్పదు తల్లీ. దాసి కొడుకు ఊపిరి పీల్చుకోవడానికి ఏ మాట వాడారో, దేవుడికీ ఆ మాటే వాడారు.

మీ తాతయ్య