చిత్రకొండ జలాశయం: విహారానికి ముందు గడిచిన కాలం

ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాకు వచ్చే సందర్శకులు ఇప్పుడు గురుప్రియ వంతెన మీద బండి ఆపి, కొండల నడుమ పరుచుకున్న, చిత్రకొండ జలాశయమని కూడా పిలిచే బలిమెల జలాశయాన్ని తనివితీరా చూసి వెళ్తున్నారు. 910 మీటర్ల పొడవున్న ఆ వంతెన 2018 జులై 26న ప్రారంభమైంది. దానికి 1982లోనే శంకుస్థాపన జరిగిందన్న సంగతి తెలిస్తే తప్ప ఈ నీటి చరిత్ర అర్థం కాదు.

సీలేరు నదిపై బలిమెల ఆనకట్టను ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఉమ్మడిగా తలపెట్టాయి. నీటిలో చెరిసగం వాటా. ఒడిశా తన వాటాను మళ్లించి 510 మెగావాట్ల బలిమెల విద్యుత్కేంద్రాన్ని నడుపుతోంది. ఆంధ్ర వాటా సీలేరు వెంట దిగి, డొంకరాయి మీదుగా సాగి, విద్యుత్తును ఇస్తూనే గోదావరి డెల్టా రబీ పంటకు ఆసరా అవుతోంది. కోనసీమ రైతు దాళ్వా నాట్లకు ఎదురుచూసే నీటిలో కొంత ఇక్కడిదే.

ఆ మేలుకు మూల్యం చెల్లించింది మాత్రం 151 గ్రామాలు. జలాశయం నిండాక వాటికి మూడు వైపులా నీరు, మిగిలిన వైపు ఆంధ్ర సరిహద్దు కొండలు మిగిలాయి. అప్పటినుంచి ఆ ప్రాంతమంతటికీ కటాఫ్ ఏరియా అనే పేరు స్థిరపడింది. చిత్రకొండ రావాలంటే లాంచీయే దిక్కు. అది తప్పిపోతే నాటు పడవ. పురుటి నొప్పులు వచ్చిన మనిషిని డోలీలో రేవు దాకా మోసుకొచ్చి, అక్కడ లాంచీ కోసం కాచుకొని కూర్చోవలసి వచ్చేది. సంతకూ కూలి పనికీ చాలామంది కొండలు దాటి ఆంధ్ర వైపే నడిచారు.

దారి లేని చోట మావోయిస్టులు బలపడ్డారు, వారి భయంతో వంతెన కట్టే గుత్తేదారులు ముందుకు రాలేదు. 2008 జూన్ 29న ఇదే జలాశయంలో లాంచీపై జరిగిన దాడిలో 38 మంది భద్రతా సిబ్బంది మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ వారు. చివరికి సరిహద్దు భద్రతా దళం కాపలాలో పని పూర్తయింది. ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని ఇప్పుడు స్వాభిమాన్ అంచల్ అంటోంది.

ఇక్కడ విహారం పెరగడం మంచిదే, కానీ పడవ షికారును మొదలుపెట్టే ముందు ఈ నీటి స్వభావాన్ని గుర్తించాలి. విద్యుదుత్పత్తికి నీరు వాడేకొద్దీ మట్టం తగ్గుతుంది, నిన్న పడవ ఆగిన ఒడ్డు రేపు బురదగా తేలుతుంది. దిగువన సీలేరు జలాశయంలో 2021 మేలో నాటు పడవలు మునిగి, ఇళ్లకు తిరిగి వస్తున్న ఒడిశా వలస కూలీలు ప్రాణాలు కోల్పోయారు. లైఫ్ జాకెట్లు, తనిఖీ చేసిన పడవలు సందర్శకులకంటే ముందు రోజూ నీరు దాటే ఊళ్లవారికి అందాలి. షికారు పడవలు నడిపే పని కూడా ఇన్నేళ్లూ ఈ నీటి మీద తెడ్డు వేసినవారికే దక్కాలి.