నీలం రంగు ఆలస్యమైన క్షణం: విటమిన్ సి పరిశోధన వెనక కథ

విటమిన్ సి డబ్బా మీద యాంటీఆక్సిడెంట్ (ఆక్సీకరణను, అంటే పదార్థాలు ఎలక్ట్రాన్లు కోల్పోయి దెబ్బతినడాన్ని, అడ్డుకునేది) అనే మాట చూసి, అది ఈమధ్య అతికించిన ప్రచారం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి ఈ పదార్థం సైన్స్ చేతికి చిక్కింది ఆ గుణం వల్లే. విటమిన్ అని తేలడం ఆ తర్వాతి సంగతి. పెద్ద మోతాదు మాత్రల మీద ఇప్పటికీ నడుస్తున్న వాదన అర్థం కావాలంటే అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గీ 1893లో బుడాపెస్ట్‌లో పుట్టారు. వైద్యం చదివి జీవరసాయనం వైపు వచ్చారు. 1920ల్లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పనిచేస్తున్నప్పుడు ఆయన్ను పట్టుకున్న ప్రశ్న చాలా చిన్నది. కోసిన ఆపిల్, బంగాళాదుంప గోధుమ రంగుకు తిరుగుతాయి, నిమ్మజాతి పండ్లు తిరగవు, ఎందుకు? మొక్కల్లోని పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, పెరాక్సైడ్ కలిపితే, బెంజిడిన్ అనే రసాయనాన్ని నీలంగా మారుస్తుంది. శుద్ధి చేసిన ఎంజైమ్‌కు బదులు పండ్ల రసం వాడినప్పుడు ఆ నీలం కాస్త ఆలస్యంగా వచ్చింది. అది క్షణకాలపు తేడా. ఆయన దాన్ని వదల్లేదు. రసంలో ఉన్నదేదో ఎలక్ట్రాన్లు ఇచ్చి, ఏర్పడుతున్న రంగును ఏర్పడినట్టే చెరిపేస్తోందని, అది ఖర్చయిపోయాకే నీలం నిలబడుతోందని గ్రహించారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా విలువైన పరిశీలన ఇదే.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హాప్కిన్స్ ప్రయోగశాలలో ఆ పదార్థాన్ని మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి స్ఫటికాలుగా రాబట్టారు. ఏదో చక్కెరకు దగ్గరిదని తెలిసింది, ఏమిటో తెలియలేదు. అందుకే 'తెలియదు' అనే అర్థం వచ్చేలా ఇగ్నోస్ అని పేరు పెట్టారు. పత్రిక సంపాదకుడు కాదంటే, దేవుడికే తెలుసన్న అర్థంలో గాడ్‌నోస్ అన్నారు. చివరికి 1928లో అది హెక్సురోనిక్ ఆమ్లం పేరుతో అచ్చయింది. తర్వాత అమెరికాలో కబేళాల నుంచి గ్రంథులు తెప్పించుకుని శ్రమపడితే చేతికొచ్చింది సుమారు 25 గ్రాములు.

ఆయన హంగరీ తిరిగొచ్చి సెగెడ్ విశ్వవిద్యాలయంలో చేరాక జోసెఫ్ స్విర్‌బెలీ అనే యువకుడు అక్కడికి వచ్చాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో చార్లెస్ గ్లెన్ కింగ్ దగ్గర విటమిన్ సి మీద పనిచేసినవాడు. మనుషుల్లాగే గినీ పందులూ ఈ విటమిన్‌ను సొంతంగా తయారుచేసుకోలేవు, అందుకే తిండిలో అది లేకపోతే వాటికి స్కర్వీ, అంటే చిగుళ్లు చెడి రక్తం కారే జబ్బు, వస్తుంది. రోజుకు 1 మిల్లీగ్రాము హెక్సురోనిక్ ఆమ్లం ఇస్తే రాలేదు. అంటే హెక్సురోనిక్ ఆమ్లమే విటమిన్ సి. 1932 ఏప్రిల్‌లో కింగ్ బృందం, సెగెడ్ బృందం కొద్ది రోజుల తేడాతో ఫలితాలు ప్రకటించాయి. ఎవరు ముందన్న గొడవ చాలాకాలం నడిచింది.

స్ఫటికాల కొరతను తీర్చింది సెగెడ్ మిరప, పాప్రికా. ఓ రాత్రి భోజనంలో వడ్డించిన పాప్రికా తినబుద్ధికాక ప్రయోగశాలకు పట్టుకుపోయానని ఆయనే చెప్పుకున్నారు. కొన్ని వారాల్లో కిలోకు పైగా పదార్థం తయారైంది. స్కర్వీని ఆపేది కాబట్టి ఆస్కార్బిక్ ఆమ్లం అన్నారు. 1937లో నోబెల్ వచ్చింది.

స్కర్వీ ఎందుకు వస్తుందో తర్వాత తేలింది. చర్మాన్ని, చిగుళ్లను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను గట్టిపరిచే ఎంజైముల్లో ఇనుము ఉంటుంది. అది ఆక్సీకరణం చెందితే ఎంజైమ్ ఆగిపోతుంది. ఆ ఇనుముకు ఎలక్ట్రాన్ ఇచ్చి మళ్లీ పనిలో పెట్టేది విటమిన్ సి. చిగుళ్లను కాపాడేదీ, నీలాన్ని ఆలస్యం చేసిందీ ఒకే గుణం.

1970లో అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ జలుబుకు పెద్ద మోతాదులు వాడమనడంతో విషయం ఇంటింటికీ చేరింది, వాదన కూడా వేడెక్కింది. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది 1989లో బాల్జ్ ఫ్రై, లారా ఇంగ్లండ్, బ్రూస్ ఏమ్స్ అనే పరిశోధకులు చేసిన పని. మనిషి రక్తంలోని ప్లాస్మాను (కణాలు తీసేస్తే మిగిలే ద్రవాన్ని) ఆక్సీకరణ దాడికి గురిచేస్తే ముందు విటమిన్ సి తరిగిపోయింది. అది పూర్తిగా అయిపోయేదాకా కొవ్వులకు నష్టం కనిపించలేదు. గ్రోనింగెన్‌లో చూసిన ఆలస్యమే, ఈసారి రక్తంలో.

అలాగైతే ఎక్కువ మింగితే ఎక్కువ రక్షణ రావాలి కదా? అమెరికాలో 14,641 మంది పురుష వైద్యుల మీద ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో రోజుకు 500 మిల్లీగ్రాముల విటమిన్ సి గుండెజబ్బులను తగ్గించలేదని 2008లో తేలింది. పరీక్షనాళికలో చూసింది అబద్ధమని కాదు. శరీరం తనకు కావలసినంతే ఉంచుకుంటుంది. 1996లో అమెరికా పరిశోధకుడు మార్క్ లెవీన్ బృందం ఏడుగురు ఆరోగ్యవంతులకు మోతాదులు పెంచుతూ కొలిచింది. రోజుకు 100 మిల్లీగ్రాములకే తెల్లరక్తకణాలు నిండిపోయాయి. 500, ఆపైన ఇస్తే పేగులు పీల్చుకునే వాటా తగ్గింది, పీల్చుకున్నదాంట్లో మిగులు మూత్రంలో పోయింది.

2000లో అమెరికా నిపుణుల సంఘం రోజువారీ సిఫార్సును 60 నుంచి పురుషులకు 90, మహిళలకు 75 మిల్లీగ్రాములకు పెంచింది. పొగతాగేవాళ్లు మాత్రం మరో 35 కలుపుకోవాలంది. పొగలోని ఆక్సీకరణ పదార్థాల దాడికి వాళ్ల ఒంట్లో విటమిన్ సి తొందరగా ఖర్చయిపోతుంది.