వారానికి ఒక్క పూట రైలు

మాంచెస్టర్ పక్కనే ఉంటుంది డెంటన్. ఒకప్పుడు ఫెల్ట్ టోపీలకు పేరున్న ఊరు. ఇప్పుడు దాని రైల్వే స్టేషన్‌కు పేరొచ్చింది, అదీ జనం లేనందుకు. శనివారం పొద్దున అటొకటి, ఇటొకటి రైలు వస్తాయి. చెయ్యెత్తితేనే ఆగుతాయి. అంతే, మళ్లీ వచ్చే శనివారమే. 2023-24లో బ్రిటన్ మొత్తంలో అతి తక్కువ మంది వాడిన స్టేషన్ ఇదే, లెక్క 54. ఎక్కడం ఒకటి, దిగడం ఒకటిగా లెక్కేస్తారు కాబట్టి సరదాకి వచ్చి తిరిగెళ్లిన ఒక్క మనిషి అందులో ఇద్దరు.

ఇలాంటి రైలును అక్కడ 'పార్లమెంటరీ ట్రైన్' అంటారు. ఆ పేరు వెనక పెద్ద కథే ఉంది. 1841 డిసెంబర్ 24 తెల్లవారుజామున లండన్ నుంచి బయల్దేరిన ఒక రైలు, రీడింగ్ దగ్గర సోనింగ్‌లో పట్టాల మీద విరిగిపడిన మట్టిని గుద్దింది. మూడో తరగతి వాళ్లు పైకప్పు లేని పెట్టెల్లో, ఇంజన్‌కూ సరుకు వ్యాగన్లకూ మధ్య ఉన్నారు. వెనక నుంచి వ్యాగన్ల బరువు వాళ్ల మీదికి వచ్చింది. తొమ్మిది మంది పోయారు. ఆ రైల్లో చాలామంది కొత్త పార్లమెంటు భవనం కడుతున్న పనివాళ్లు, క్రిస్మస్‌కు ఇంటికెళ్తున్నారు.

1844లో అప్పటి వాణిజ్య మంత్రి గ్లాడ్‌స్టన్ చొరవతో పార్లమెంటు చట్టం చేసింది. రోజుకు ఒక్క రైలైనా అన్ని స్టేషన్లలో ఆగాలి, మైలుకు ఒక పెన్నీకి మించి తీసుకోకూడదు, పెట్టెకు పైకప్పు ఉండాలి. పేదవాడి కోసం పుట్టిన ఆ పేరే ఇవాళ ఎవరి కోసమూ నడవని రైలుకు మిగిలింది.

మరి మూసెయ్యొచ్చు కదా? నడపడం కన్నా మూయడమే కష్టం, అదీ అసలు సంగతి. 1963లో బ్రిటిష్ రైల్వే అధిపతి రిచర్డ్ బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు మూసెయ్యమంది. చాలావరకు మూశారు కూడా. కానీ ప్రయాణికుల రైళ్లు ఆపాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి, చివరికి ప్రభుత్వ ఆమోదం కావాలి. ఉత్తర ఇంగ్లండ్‌లోని సెటిల్-కార్లైల్ లైను విషయంలో జనం ఏళ్ల తరబడి పోరాడితే 1989లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. ఆ టెన్షన్ ఎవరికి కావాలి? వారానికో రైలు తిప్పితే కాగితం మీద లైను బతికే ఉంటుంది.

డెంటన్‌కు దెబ్బ తగిలిందీ ఆ ఏడాదే. అప్పటిదాకా లీడ్స్ వెళ్లే రైళ్లు మాంచెస్టర్‌లోని విక్టోరియా స్టేషన్ నుంచి బయల్దేరేవి. దక్షిణం నుంచి వచ్చేవాళ్లు స్టాక్‌పోర్ట్‌లో దిగి, డెంటన్ మీదుగా స్టేలీబ్రిడ్జ్ చేరి, అక్కడ ఆ రైలు అందుకునేవాళ్లు. 1989లో ఆ రైళ్లు, దక్షిణం రైళ్లు వచ్చే మాంచెస్టర్ పికడిల్లీ స్టేషన్‌కే మారాయి. ఇక ఈ అడ్డదారితో పనిలేకుండా పోయింది. 1990ల మొదట్లోనే వారానికి ఒకటే మిగిలింది, అదీ ఒకే దిక్కుకు. శుక్రవారం రైలెక్కి వెళ్లినవాడు తిరిగి రావాలంటే బస్సే గతి! 2018 మేలో శనివారానికి మార్చి, తిరుగు రైలు కలిపారు.

రోజూ రైళ్లు కావాలని ఊళ్లోవాళ్లు అడుగుతూనే ఉన్నారు. స్టాక్‌పోర్ట్ దగ్గర మెయిన్‌లైను ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది, కొత్త రైలుకు సందు దొరకడం కష్టం. ఈలోగా డెంటన్ స్టేషన్ మొక్కల బాగోగులు స్థానిక వలంటీర్లే చూసుకుంటున్నారు.