బరువు ఎటు పోతుంది?

పోయిన నెల తిరుపతిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మాట్లాడి బయటికి వస్తుంటే, ఫైనలియర్ అమ్మాయి ఒకతె మెట్ల దగ్గర ఆపి అడిగింది. "సార్, విమానం రెక్కలో ఎక్కడ ఎంత స్ట్రెస్ ఉందో సాఫ్ట్‌వేరే చెప్పేస్తుంది కదా. ఇంక స్ట్రెస్ ఇంజనీరు నేర్చుకోవాల్సింది ఏముంటుంది?"

ముప్పై ఏళ్ళు బెంగళూరులో ఆ పనే చేసి సొంతూరు చేరుకున్నవాణ్ణి. ఆ పిల్లకు బస్సు టైమవుతోందని రెండు ముక్కలు చెప్పి, నా నంబరిచ్చి పంపించాను. ఇంటికొచ్చాక ఆ రెండు ముక్కలూ చాలలేదనిపించింది.

స్ట్రెస్ అంటే వస్తువు లోపల ఒక్కో చోట పడే ఒత్తిడి, స్ట్రెయిన్ అంటే దానివల్ల వచ్చే సాగుడు. మిగతాది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది, వదిలేస్తాను. నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వని ప్రశ్న వేరే ఉంది. ఒక బరువును నలుగురు మోస్తుంటే, ఎవరి వాటా ఎంత?

మా మామ గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో వాహనం మోసేవాడు. వాహనం కింద పొడవాటి మోతకర్రలు, వాటి కింద వరసగా భుజాలు. చిన్నప్పుడు నేను దేవుడికంటే ఆ భుజాలనే ఎక్కువ చూశాను. తుండుగుడ్డ నాలుగు మడతలు వేసి భుజం మీద పెట్టుకుని కర్ర ఎత్తుకునేవాళ్ళు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే మామ కుడిభుజం కమిలి ఎర్రగా ఉండేది. పక్కన మోసినతనికి అంత కమిలేది కాదు. నిజానికి ఇద్దరిలో కండ ఉన్నవాడు ఆ పక్కతనే. మామ బక్కమనిషి. కాకపోతే పక్కతని కన్నా రెండు వేళ్ళు పొడుగు.

కిటుకంతా అక్కడే ఉంది. కర్ర అంత సులువుగా వంగదు. పొడుగువాడి భుజానికి అది ముందు తగులుతుంది, అక్కడే ఆనుకుంటుంది. పక్కవాడు ఎంత బలవంతుడైనా కర్ర అతని భుజాన్ని గట్టిగా నొక్కితే కదా బరువు పడేది! బరువు బలవంతుణ్ణి వెతుక్కుంటూ పోదు. లొంగనివాడి మీద పడుతుంది. ఈ లొంగని గుణాన్నే మేము స్టిఫ్‌నెస్ అంటాం. బలం వేరు, స్టిఫ్‌నెస్ వేరు. ఈ తేడా ఒంటికి పట్టడానికి నాకు ఉద్యోగంలో నాలుగేళ్ళు పట్టింది.

రోడ్డు మీద మిట్ట వచ్చిందనుకోండి. మిట్ట మీద కాలు పెట్టినవాడి భుజం మీదికి ఒక్కసారిగా బరువు ఎక్కుతుంది, దిగగానే తగ్గి వెనకవాడి మీదికి పోతుంది. "ఈ మలుపు దగ్గర స్వామి బరువెక్కుతాడు రా" అనేవాడు మామ. నేను ఆ మాటను ఎప్పుడూ కొట్టిపారేయలేదు. ఆయన భుజానికి తెలిసింది నిజమే. వాహనం బరువు మారలేదు, ఆయన వాటా మారింది. నమ్మకాన్ని వెక్కిరించి పిల్లలకు సైన్సు నేర్పలేం. దాని వెనకున్న అనుభవాన్ని తీసి లెక్కగట్టి చూపిస్తే ఎంత ఇష్టంగా వింటారో!

లెక్క చూద్దాం. ఒకే పొడవు, ఒకే వెడల్పు, ఒకే మందం ఉన్న రెండు పట్టీలు పక్కపక్కన ఉన్నాయి, ఒకటి స్టీలు, ఒకటి అల్యూమినియం. రెండూ కలిసి 1,000 కేజీల లాగుడు మోయాలి. రెండూ ఒకేలా సాగక తప్పదు. సాగకుండా ఎంత మొండిగా నిలబడుతుందో చెప్పే అంకెను సాగుడు గుణకం అంటారు. స్టీలుది సుమారు 210 గిగాపాస్కల్స్, అల్యూమినియంది సుమారు 70. అంటే 3:1. కాబట్టి స్టీలుకు 750, అల్యూమినియానికి 250. స్టీలు పట్టీ చివర బోల్టులు 800 కేజీల వరకు తట్టుకుంటాయనుకోండి. 800ని 750తో భాగించి 1 తీసేస్తే 0.07 వస్తుంది. దీన్ని మార్జిన్ అంటాం, సున్నాకు పైన ఉంటే పాస్. విమానం తన జీవితంలో చూసే అతి పెద్ద లోడ్‌ను 1.5తో హెచ్చవేసి ఆ తర్వాతే ఈ లెక్క కడతాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఏం చేశానంటే, మార్జిన్ మరీ సన్నగా ఉందని స్టీలు పట్టీ మందం రెట్టింపు చేశాను. బలం పెరిగిందని సంబరం. పట్టీలో స్ట్రెస్ తగ్గింది కూడా. మా పెద్దాయన డ్రాయింగ్ చూసి, "బోల్టులు ఏమంటున్నాయి నాయనా?" అని మాత్రం అడిగాడు. నిష్పత్తి ఇప్పుడు 6:1. స్టీలు వాటా 857 కేజీలు. ఆ 857 పట్టీలోకి వచ్చేది బోల్టుల గుండానే, వాటి శక్తి మాత్రం అదే 800. మార్జిన్ మైనస్ 0.07. అంటే మందం పెంచి జాయింటును నేనే పాడు చేశాను. పొడుగుమనిషి కాళ్ళ కింద ఇంకో ఇటుక పెట్టినట్టయింది.

కాలేజీల్లో ఇది ఎందుకు ఒంటబట్టదంటే, పరీక్షలకు ఎక్కువగా మూడుకాళ్ళ పీట లాంటి లెక్కలే ఇస్తారు. మూడుకాళ్ళ పీట ఎక్కడ వేసినా ఊగదు, ఒక్కో కాలి వాటా కాగితం మీదే తేలిపోతుంది. నాలుగో కాలు వచ్చిందంటే నేల ఎత్తుపల్లాలు, కాలి పొడవు, చెక్క మెత్తదనం అన్నీ తెలిస్తే తప్ప వాటా తేలదు. విమానమంతా నాలుగోకాళ్ళే.

మామ దగ్గరికే మళ్ళీ వస్తాను. నొప్పి భరించలేనప్పుడు ఆయన మోకాళ్ళు కాస్త వంచేవాడు. వెంటనే బరువు పక్కవాళ్ళకు జారేది. అల్యూమినియం కూడా ఇదే చేస్తుంది. రేకులను కలిపి బిగించే మేకుల్లాంటి రివెట్ల వరసలో మొదటిదీ చివరిదీ ఎక్కువ మోస్తాయి. లోడ్ మరీ పెరిగితే ఆ రంధ్రాల దగ్గర లోహం కొద్దిగా సాగి మధ్య రివెట్లకు వాటా పంచుతుంది. కార్బన్ ఫైబర్‌కు మోకాళ్ళు వంచడం దాదాపు రాదు. నిలబడినంతసేపు నిలబడి ఒక్కసారిగా విరుగుతుంది. అందుకే కార్బన్ ఫైబర్ జాయింట్లలో ఏ బోల్టు వాటా ఎంతో ముందే గట్టిగా తేల్చుకోవాలి. అయితే అల్యూమినియం మోకాలు వంచడం కూడా ఒకసారి వచ్చే పెద్ద లోడ్‌కే పనికొస్తుంది. రోజూ ఎక్కిదిగే చిన్న లోడ్లకు అది వంచదు, ఎక్కువ వాటా మోస్తున్న రంధ్రం దగ్గరే పగులు మొదలవుతుంది.

దీనికి ప్రపంచం చెల్లించిన ధర ఒకటి చెప్పాలి. 1978లో జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 ఒకటి ఒసాకాలో దిగుతూ తోక నేలకు కొట్టుకుంది. క్యాబిన్ గాలిని వెనకవైపు ఆపే గుమ్మటం లాంటి గోడను రిపేరు చేశారు. అతుకు మధ్యలో ఒకే పలక పెట్టి, రెండు వరసల రివెట్ల గుండా లోడ్ దాటించాలి. ఆ పలకను రెండు ముక్కలు చేసి పెట్టారు. చూడటానికి రివెట్లన్నీ ఉన్నాయి. లోడ్ దాటే దారి మాత్రం ఒక్క వరసే. మోతకర్రను మధ్యలో కోసేశాక వెనకవాళ్ళు భుజాలు పెట్టి నిలబడితే వాళ్ళ మీద ఏం పడుతుంది? ఆ తర్వాత 12 వేలకు పైగా ప్రయాణాలు చేసింది ఆ విమానం. ఎగిరిన ప్రతిసారీ గోడ ఉబ్బింది, దిగిన ప్రతిసారీ సడలింది, ఆ ఒక్క వరసలో పగుళ్ళు కలుస్తూ పోయాయి. 1985 ఆగస్టు 12న గోడ బద్దలైంది. విమానంలో ఉన్న 524 మందిలో 520 మంది చనిపోయారు. దీని గురించి చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. కంప్యూటర్‌లో ఒక చివరను "ఫిక్స్" అంటే, దాని దృష్టిలో ఆ చివరను శేషాచలం కొండకు బిగించినట్టే. కొండ లొంగదు కాబట్టి లోడ్ అటే పరుగెత్తుతుంది. ఆపరేటర్ తప్పుగా పట్టినా ప్రోగ్రాం చక్కగా లెక్క కట్టి చక్కటి రంగులు వేసి ఇస్తుంది. మొనదేలిన లోపలి మూల దగ్గర ఎక్కువ స్ట్రెస్ చూపే ఎర్రరంగు చూసి టెన్షన్ పడి మెష్, అంటే లెక్క కోసం వస్తువును విడగొట్టే గళ్ళు, చిన్నది చేస్తే, అంకె ఇంకా పెరుగుతుంది, ఇంకా చిన్నది చేస్తే ఇంకా పెరుగుతుంది. అది లోహంలో ఉన్న స్ట్రెస్ కాదు, బొమ్మ గీసేటప్పుడు ఆ మూలను గుండ్రం చేయకపోవడం వల్ల వచ్చిన అంకె. అందుకే మా పెద్దాయన రంగుల బొమ్మ చూసేవాడే కాదు. "నువ్వు ఎంత వస్తుందనుకున్నావు?" అని అడిగేవాడు. రన్ చేయకముందే అంకె కాగితం మీద రాసి, కింద తేదీ వేసి ఉండాలి. తర్వాత వస్తువు ఎటు వంగిందో చూడాలి, ఆధారాల దగ్గర లోడ్లన్నీ కూడి పైనుంచి వేసినదానికి సరిపోయిందో చూడాలి. స్ట్రెస్ చూడటం ఆఖర్న.

మెట్ల దగ్గర ఆ అమ్మాయికి చెప్పిన రెండు ముక్కల్లో ఒకటి ఇదే. ముందు రాసుకో అని. మొన్న ఫోన్ చేసింది. కాలేజీ ప్రాజెక్టుకు చిన్న డ్రోన్ చేస్తున్నారట, రెక్కను బాడీకి మూడు బ్రాకెట్లు పట్టుకుంటాయి.

"మధ్యదాని మీద సగం పడుతుందని రాసుకున్నాను సార్. నూటికి 80 వచ్చింది."

"మధ్యదాన్ని ఎట్లా పట్టుకున్నావమ్మా?"

"ఫిక్స్ చేశాను సార్."

"మిగతా రెండూ?"

"వాటికి అసలు రేకే గీశాను. 2 మిల్లీమీటర్లది."

"మధ్యదాని రేకు ఎంత మందం?"

"అదీ 2 మిల్లీమీటర్లే..." అని ఆగిపోయింది. అటునుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. "సార్, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది.